నీలం పోర్టుకి గంధం బొట్టు

“హల్దీ అంటే ఏవిటో నాకు తెలీదనుకుంటున్నావా? నలుగే! దానికి పసుపుపచ్చ గౌను తొడిగి, నల్ల కళ్లజోడు పెట్టి హల్దీ అంటున్నారు” అంది మాణిక్యాంబ, చిక్కుడుకాయ ఈనె సర్రున లాగుతూ.

“గౌను కాదు నానమ్మా, లెహెంగా” అంది ప్రణవి.

“ఏదైతేనేం. నాలుగు డబ్బాలు పెట్టి డమడమలాడిస్తే పసుపు పూసేది పెళ్లికూతురికా, పోలేరమ్మ జాతరలో దున్నకా?”

“నన్ను దున్నంటావా! నాన్నా, విన్నావా?”

సుదర్శనం వినలేదు. ఇంట్లో ఆడవాళ్లు మాట్లాడుకునేటప్పుడు పేపరు చదవడం, పేపరు చదివేటప్పుడు చెవులు పనిచేయకపోవడం ఆయనకు పెళ్లయిన కొత్తలోనే అలవాటైపోయాయి. ఈ వాదన దసరాల్లో మొదలైంది. దీపావళి వెళ్లిపోయినా ఆరలేదు. మాఘమాసంలో ప్రణవి పెళ్లి. నలుగు రోజున డీజే పెట్టాలని మనవరాలు, పాట ఉండాలని నానమ్మ.

“పోనీ పాట నువ్వే పాడు, నేను డీజే మానేస్తా” అంది ప్రణవి మధ్యవర్తిలా.

మాణిక్యాంబ చెయ్యి చిక్కుడుకాయల మీద ఆగింది. “అక్క లేకుండా నేను పాటెత్తుకోను. ఎన్నిసార్లు చెప్పాలి?”

అక్క అంటే భాగీరథి. ఆ అక్కాచెల్లెళ్లిద్దరూ చుట్టుపక్కల ఏ ఇంట్లో పెళ్లయినా వెళ్లి నలుగు పాట పాడేవారు. పాడడమే కాదు, ఆ పాట గురించి జీవితాంతం పోట్లాడుకున్నారు. అందులో పసుపు చరణం ఒకటి, గాజుల చరణం ఒకటి. పసుపు ముందని అక్క, గాజులు ముందని చెల్లెలు. “మా ఆఖరి పాటలో అక్క నా వరసలోనే పాడింది. అంటే ఒప్పుకున్నట్టేగా!” అని మాణిక్యాంబ ఇప్పటికీ అంటుంది. భాగీరథి పోయాక ఆమె కూనిరాగం కూడా తీయలేదు.

ఆ ఆఖరి పాటను వీడియో తీసింది పాటలాఫీసు వాళ్లు. ప్రణవి తల్లి హైమవతి పనిచేసేది ఆ ఆఫీసులోనే.

“అక్క గొంతు ఆ వీడియోలో ఉంది. అది తెప్పించి, మీ డబ్బాల్లోంచే వినిపించండి. నలుగు పీట దగ్గర కూర్చుంటాను. లేదూ, నా గదిలో నేను కూర్చుంటాను” అంది మాణిక్యాంబ.

“డీల్!” అంది ప్రణవి. “పాట వస్తే పాట. రాకపోతే డీజే. అమ్మా, బాధ్యత నీది.”

హైమవతి క్యారేజీ మూత బిగిస్తూ అత్తగారి వంక చూసింది. మాణిక్యాంబ తల వంచుకుని చిక్కుడుకాయలు తెగ ఏరేస్తోంది. ఈనెలు కూరలోకి, కాయలు చెత్తలోకి వేస్తోంది.

“తెస్తాను అత్తయ్యగారూ. కంప్యూటర్లోంచి డిస్కులోకి ఎక్కించడమేగా. ఎంతసేపు?” అంది హైమవతి.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

*

పాటలాఫీసు అసలు పేరు మౌఖిక గాన సంపద పరిరక్షణ ప్రాంతీయ కేంద్రం. ఆ పేరు పలికేలోపు బస్సు స్టాపు దాటిపోతుందని కాకినాడలో అందరూ పాటలాఫీసనే అంటారు. హైమవతి అక్కడ సూపరింటెండెంటు. పాడినవాళ్లకు తమ పాట నకలు పొందే హక్కు ఉంది. కాబట్టి మాణిక్యాంబ అర్జీ చకచకా ఆమోదం పొందింది. ఆమోదం దాకా అన్నీ చకచకానే.

నకలుకు మూడు నియమాలున్నాయి. మొదటిది: “సంపుటమును విడదీసిన యెడల సంపద విచ్ఛిన్నమగును గాన, అర్జీదారు ఒక్క పాట కోరినను సంపుటము యావత్తు ఇవ్వవలెను.” మాణిక్యాంబ పాట ఉన్న సంపుటంలో తూర్పు మండలాల స్త్రీల పాటలన్నీ ఉన్నాయి, దంపుళ్ల నుంచి లాలి దాకా. రెండోది: “నకలు జరుగుచున్నంతసేపు బాధ్యతగల ఉద్యోగి తెర యెదుట ఆసీనులై ఉండవలెను.” మూడోది అగ్నిప్రమాదాల నివారణ కోసం వచ్చింది: “సాయంత్రము కార్యాలయము మూయు వేళ మెయిన్ స్విచ్ ఆపవలెను.”

మూడూ మంచి నియమాలే. ముగ్గురు మంచి కోడళ్లలాంటివి. ఎవరికి వారు బంగారం. ఒకే వంటింట్లో పెడితేనే అన్నం ఉడకదు.

హైమవతి డిస్కు తగిలించి కూర్చుంది. తెర మీద ఆకుపచ్చ గీత బయల్దేరింది. ఉగ్గుగిన్నెతో గంగాళం నింపుతున్నట్టుంది దాని నడక. మధ్యాహ్నానికి సగం కూడా రాలేదు. క్యారేజీ అక్కడే విప్పుకుని తింది. సాయంత్రానికి గీత ముప్పావు దాకా వచ్చింది. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటుండగా అటెండరు వచ్చి, “మేడం, మెయినాపుతున్నానండి” అని చెప్పి మరీ ఆపేశాడు.

మర్నాడు గీత మళ్లీ మొదటి నుంచి బయల్దేరింది. ఆ మర్నాడూ అంతే.

“ఒక్క పూట మెయిన్ ఆపకపోతే అయిపోతుంది సార్” అని డైరెక్టరు దగ్గర మొరపెట్టుకుంది హైమవతి.

డైరెక్టరు భుజంగరావు సామెతల మీద పరిశోధన చేసి డాక్టరేటు తీసుకున్న మనిషి. ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పే ముందు కళ్లు మూసుకుంటాడు. “మంటలు లేచిన తరువాత మెయిన్ గూర్చి విచారించుట వివేకమా, హైమవతి గారూ?”

“పోనీ ఆ ఒక్క పాటే ఇస్తే?”

“దండలోంచి పువ్వు తీస్తే దండ మిగులుతుందా?”

“పోనీ మా అత్తగార్ని ఇక్కడికే తీసుకొస్తాను. ఒక్కసారి వినిపించండి సార్.”

భుజంగరావు కళ్లు తెరిచి జాలిగా చూశాడు. “మూలప్రతిని వినిపిస్తే అరిగిపోదూ?”

*

సమస్య నిజమేనని మాత్రం డైరెక్టరు ఒప్పుకున్నాడు. వేగ క్షీణత నివారణ సంఘం వెలిసింది. సంఘం వారు కంప్యూటరు చుట్టూ ప్రదక్షిణం చేసి సిఫారసులు రాశారు.

ఆ గదిలోకి చెప్పులతో రాకూడదన్నారు. నకలు జరుగుతుండగా వరండాలో ఎవరూ గట్టిగా నడవకూడదన్నారు. డిస్కు వేడెక్కుతోంది కనుక దాన్ని చెక్కపీట మీద, తూర్పుముఖంగా ఉంచమన్నారు. డిస్కుకు ముఖం ఎటువైపో నిర్ణయించడానికి ఇంకో సమావేశం జరిగింది. అన్నిటికంటే గొప్ప సిఫారసు కేబులు గురించి. “కేబులు నందు వంపులున్నవి. వంపుల వద్ద సమాచారము నిలిచిపోవు అవకాశము కలదు. కావున కేబులును తిన్నగా చేయవలెను.” దాంతో కేబులును నిటారుగా లాగి బిగించారు. అది చేరాల్సిన చోటికి డిస్కు పీటను జరిపారు. అది సరిగ్గా గుమ్మానికి అడ్డంగా వచ్చింది. అప్పట్నుంచి సూపరింటెండెంటు హైమవతి తన సీటులోకి చీర కుచ్చిళ్లెత్తి పట్టుకుని, కేబులు దాటి వెళ్లాల్సి వచ్చింది.

ఆకుపచ్చ గీత మాత్రం తన నడక మార్చుకోలేదు.

ఒకరోజు టీ వేళ సాంకేతిక సమన్వయాధికారి చక్రపాణి అటూ ఇటూ చూసి ఆమె దగ్గరికి వచ్చాడు. “మేడం, జబ్బేంటో నాకు తెలుసండి.”

“తెలిస్తే చెప్పవేం బాబూ, ఇన్నాళ్ల నుంచీ!”

“నాకింకా సర్వీసుందండి” అని గోడ వైపు చూపించాడు.

గోడ మీద ఫ్రేము కట్టిన ఫొటో ఉంది. మొన్న దసరాకు ఆఫీసులో ఆయుధ పూజ చేశారు. భుజంగరావు పట్టు కండువా వేసుకుని, కెమెరా వైపు నవ్వుతూ, కంప్యూటరుకు గంధం, కుంకుమ పెడుతున్నాడు. ఆ ఫొటో జిల్లా పేపర్లో కూడా పడింది. హైమవతి దగ్గరికెళ్లి చూసింది. కెమెరా వైపు చూడడంలో ఆయన వేలు ఎక్కడ పడిందో ఆయన చూసుకోలేదు. గంధం ముద్ద నేరుగా ముందున్న పోర్టులోకి, కేబులు తగిలించే చిల్లులోకి, దిగింది.

“ఆ నీలం పోర్టొక్కటేనండి వేగంగా పనిచేసేది. వెనకున్నవి పాతకాలంవి. నాలుగు వరసల రోడ్డుకి కంచె కొట్టేసి, చేలగట్టు మీంచి లారీలు తోలుతున్నాం మనం. ఆ ఎండిన గంధం గీకేస్తే చాలు” అన్నాడు చక్రపాణి గుసగుసగా.

“మరి గీకెయ్యి.”

“డైరెక్టరు గారు పెట్టిన బొట్టండీ!” చక్రపాణి చెంపలు వేసుకున్నాడు. “పైగా నేను నోట్ కూడా పెట్టానండి. సదరు రంధ్రమునందు గంధము కలదు, తొలగించుటకు అనుమతి కోరడమైనది అని.”

“ఏమన్నారు?”

“గంధము శీతలకారి. శీతలకారి యగు వస్తువు యంత్రమునకు మేలే గాని కీడు చేయదు. కావున అది కారణము కాజాలదు. ఫైలు మూసివేయడమైనది, అన్నారు.”

*

వ్యవహారం అక్కడితో ఆగితే పాటలాఫీసు సాదాసీదా ఆఫీసుగానే మిగిలిపోయేది. కాని రాజధానిలోని ప్రధాన కార్యాలయం నుంచి లేఖ వచ్చింది. పక్క జిల్లా కేంద్రం ఇంతే సంపుటాన్ని టీ తాగి వచ్చేలోపు నకలు తీస్తోందట. మీకేం రోగమని, మర్యాద గల భాషలో అడిగారు.

భుజంగరావు కళ్లు మూసుకున్నాడు. ఈసారి చాలాసేపు మూసుకున్నాడు. తెరిచి జవాబు చెప్పి రాయించాడు: “అన్నము ఉడకకమునుపే వార్చువారు త్వరగా వార్చుటలో వింత లేదు. మా కేంద్రమునందు ప్రతి పాటయు నెమ్మదిగా, శ్రద్ధతో, ఒకదాని తరువాత ఒకటి తరలుచున్నది. మా అమ్మమ్మల గానమును లారీలోని ఇటుకల వలె విసరివేయుట మా సంస్కృతి కాదు.”

ఫైళ్లు కదలని ఆ శాఖలో ఆ లేఖ ఒక్కటే పరుగెత్తింది. ప్రధాన కార్యాలయం వారికి కళ్లు చెమర్చాయి. అప్పటికి ఊళ్లో అందరూ నెమ్మదిగా తినాలని, నెమ్మదిగా ఊపిరి పీల్చాలని ఉపన్యాసాలు వింటున్న కాలం. “నిదాన నకలు” అనే పథకం పుట్టింది. రాష్ట్రంలోని కేంద్రాలన్నీ ఒకే వేగంతో, అంటే కాకినాడ వేగంతో, పనిచేయాలన్నారు. కాకినాడ వేగం ఎలా వస్తుందని మిగతా కేంద్రాలు అడిగాయి. ఎవరో చక్రపాణి నోట్ పాత ఫైల్లోంచి బయటికి తీశారు.

ఆ తర్వాత వచ్చిన సర్క్యులర్ ఇది: “ఎల్ల కేంద్రములందును నీలవర్ణ రంధ్రమునకు గంధధారణ చేసి, ధ్రువీకరణ పత్రము పంపవలెను.”

చక్రపాణి ఆ సర్క్యులర్ చదివి ఆ పూటకు సెలవు పెట్టి ఇంటికి వెళ్లిపోయాడు.

రాష్ట్రమంతటా గంధధారణ జరిగింది. గంధం ఎండి రాలిపోయిన కేంద్రాలు సంజాయిషీ ఇచ్చుకున్నాయి. ఒక కేంద్రం వారు మళ్లీ రాలకుండా పైపులకు పూసే ఎం-సీల్ ముద్ద కూరేశారు. వారి అంకితభావాన్ని మెచ్చుకుంటూనే, అది సంప్రదాయం కాదు కనుక తీసి గంధమే పెట్టమన్నారు. అది రాదు. కంప్యూటరే మార్చారు.

కాకినాడకు బృందాలు రావడం మొదలైంది. చెప్పులు బయట విడిచి, కేబులు దాటి వచ్చి, ఆకుపచ్చ గీత ముందు కళ్లు మూసుకుని కూర్చునేవారు. ఎవరో రిటైరైన పెద్ద అధికారి అయితే గద్గద స్వరంతో, “ఇంత నెమ్మది నా సర్వీసులో కాయితం ఫైళ్లలో చూశానే గాని, కరెంటుతో నడిచే వస్తువులో చూడలేదు” అన్నాడు. ఆ పక్కనే బాధ్యతగల ఉద్యోగిగా ఆసీనురాలై ఉన్న హైమవతి వాళ్లందరికీ మంచినీళ్లు అందించింది. సాయంత్రమయ్యేసరికి మెయిన్ ఆగిపోయేది.

ఇంట్లో పిలుపులు మొదలయ్యాయి. పసుపు కొట్టించడం అయింది. “అమ్మా, డీజే అబ్బాయికి మాటిచ్చెయ్యనా?” అని ప్రణవి అడిగింది.

“నాలుగు రోజులు ఆగవే.”

“నాలుగు రోజుల్లో ఏమవుతుంది?”

 ఈసారి మాణిక్యాంబ దెబ్బలాడలేదు. దానికే హైమవతికి భయమేసింది. ఆవిడ కోడలి చేతిలో కాఫీ గ్లాసు పెట్టి, మెల్లిగా అంది: “పోనీలేవే హైమా. అక్కది మొదట్నుంచీ పంతం. రానంటే రాదు. దాన్ని డీజే పెట్టుకోనీ. చిన్నపిల్ల.”

హైమవతి ఆ కాఫీ తాగలేకపోయింది.

*

నిదాన నకలు వారోత్సవాలు మర్నాడే ప్రారంభం. టౌన్‌హాల్లో సభ. భుజంగరావు జ్యోతి ప్రజ్వలనం చేస్తాడు. ఆఫీసంతా అక్కడికి వెళ్లింది. నకలు ఆగకూడదు కనుక బాధ్యతగల ఉద్యోగి ఒక్కరు మాత్రం తెర ముందు ఉండిపోవాలి. చక్రపాణి వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగి, హైమవతి వంక చూసి, ఫొటో వంక చూసి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

హైమవతి కాసేపు ఆకుపచ్చ గీతను చూసింది. తర్వాత మంగళసూత్రాలకు వేలాడే పిన్నీసుల్లోంచి ఒకటి తీసింది. ఇంట్లో జల్లెడ చిల్లు మూసుకుపోయినా, గ్యాసు పొయ్యి బర్నరు మూసుకుపోయినా ఆమె వెతుక్కునేది దాన్నే. పరిపాలనలో కూడా పనికొస్తుందని మాత్రం అంతవరకు తోచలేదు.

కంప్యూటరు ఆపింది. కుర్చీలో ముందుకు వంగి, పసిపిల్ల చెవిలో గుబిలి తీస్తున్నంత నెమ్మదిగా, గంధం గీకింది. పెళుసుగా రాలింది. నోటితో ఉఫ్ అని ఊది, కొంగుతో తుడిచింది. మళ్లీ వెలిగించి, కేబులు ఊడబీకి, నీలం పోర్టుకు తగిలించింది. బిగించి లాగిన కేబులు ఇన్నాళ్లకు హాయిగా వంకర తిరిగి ఒళ్లో పడింది.

ఆకుపచ్చ గీత ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత, ఆఖరి బస్సు అందుకోవాల్సిన మనిషిలా, పరుగు లంకించుకుంది. హైమవతి ఫ్లాస్కులోంచి టీ వంచుకుంది. అది చల్లారకముందే గీత అవతలి గట్టుకు చేరింది.

ఆమె డిస్కు తీసింది. కేబులు మళ్లీ వెనక పోర్టుకు తగిలించి, నిటారుగా లాగింది. సొరుగులో ఆయుధ పూజ నాటి గంధం మిగిలి ఉంది. నాలుగు చుక్కల నీళ్లతో కలిపి, నీలం పోర్టుకు మళ్లీ బొట్టు పెట్టింది. ఈసారి చిల్లులోకి పోకుండా, పైన మాత్రమే, అందంగా అద్దింది. కుంకుమ కూడా అద్దింది.

సభ నుంచి తిరిగొచ్చిన భుజంగరావు మెడలో దండ ఇంకా తీయలేదు. నకలు పూర్తయిందని వినగానే ఆయన ముఖం మాడిపోయింది. “అప్పుడేనా! ఉదయము మొదలుపెట్టి మధ్యాహ్నానికా! ఇది శ్రద్ధలేని నకలు. రద్దు చేయక తప్పదు.”

వెనక నిలబడ్డ చక్రపాణి గోడకు చేరగిలబడ్డాడు.

హైమవతి చీర కొంగు సర్దుకుంది. “నాకూ అదే ఆశ్చర్యంగా ఉంది సార్. ఉదయం నుంచి ఎప్పట్లాగే, నెమ్మదిగానే నడిచింది. మీరు అక్కడ దీపం వెలిగించిన ముహూర్తానికే అనుకుంటాను, ఇక్కడ ఒక్కసారిగా కదిలింది. బొట్టు చూడండి, చెక్కు చెదరలేదు.”

భుజంగరావు వంగి చూశాడు. బొట్టు చెక్కు చెదరలేదు. పైగా కొత్తగా మెరుస్తోంది. ఆయన కళ్లు మూసుకున్నాడు.  ఆయన కళ్లు తెరిచేసరికి ముఖంలో వెలుగొచ్చింది.

“ఇంతకాలపు నిదానము నేడు ఫలించినది! నిదానము పరిపక్వమైన యెడల దానంతట అదే వేగమగునని నేను సభలో అన్నానా లేదా, చక్రపాణి?”

“అన్నారు సార్” అన్నాడు చక్రపాణి. ఆయన అనలేదు. కాని చక్రపాణికి ఇంకా సర్వీసుంది.

డైరెక్టరు అక్కడికక్కడే సంతకం పెట్టాడు. ముద్ర పడింది. హైమవతి డిస్కును క్యారేజీ సంచిలో, పెరుగన్నం గిన్నె పక్కన పెట్టుకుని బస్సెక్కింది.

*

ఆ సాయంత్రం అందరూ ముందుగదిలో కూర్చున్నారు. ప్రణవి డిస్కును టీవీకి తగిలించింది. సుదర్శనం పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆ ఇంట్లో అది పెద్ద గౌరవం.

తెర మీద పాత వరండా. చాప మీద ఇద్దరు ఆడవాళ్లు. భాగీరథి గొంతు సవరించుకుని ఎత్తుకుంది.

*పసుపు తెచ్చితి పసిడి కొమ్మకు, పుయ్యరే చెలులు...*

“అయ్యో, అక్కా!” అంది మాణిక్యాంబ, టీవీ పక్కింట్లో ఉన్నంత గట్టిగా.

ఆ మొదటి పాదం పూర్తి కాకుండానే, తెర మీద మాణిక్యాంబ, ఇప్పటికంటే నల్లటి జుట్టుతో, అంతకంటే గట్టి గొంతుతో అడ్డుపడింది.

*గాజులు తెచ్చితి గౌరి చేతికి, తొడగరే చెలులు!*

భాగీరథి ఆగింది. ఒక్క క్షణం చెల్లెలి వంక చూసింది. వీడియో తీస్తున్నవాళ్ల వంక చూసింది. పెదవి చివర నవ్వు ఆపుకుంటూ, ఆ పాదాన్నే అందుకుని, చెల్లెలి గొంతు కింద తన గొంతు చేర్చింది. పాడుతూనే ఒక చేత్తో చెల్లెలి మోకాలి మీద తట్టింది. చంటిపిల్లను జోకొట్టినట్టు.

పాట అయిపోయింది. సంపుటంలో తర్వాతి పాట, ఎవరిదో దంపుడు పాట, మొదలైంది. ప్రణవి దాన్ని ఆపేసింది.

“ఒప్పుకున్నట్టే కదా నానమ్మా?” అంది అల్లరిగా. తర్వాత నానమ్మ ముఖం చూసి, జరిగి ఆవిడ పక్కన కూర్చుంది.

“ఇంకోసారి పెట్టవే” అంది మాణిక్యాంబ.

పెట్టింది. ఇంకోసారి కూడా పెట్టింది. మాణిక్యాంబ పాట వినడం లేదనీ, ఆ మోకాలి మీద చెయ్యినే చూస్తోందనీ హైమవతి కనిపెట్టింది.

“రేపే పెన్‌డ్రైవ్‌లో వేసి డీజే అబ్బాయికి ఇస్తాను. మీరన్నట్టే డబ్బాల్లోంచి వస్తుంది” అంది హైమవతి.

మాణిక్యాంబ లేచి, చీర కుచ్చిళ్లు దులుపుకుంది. వంటింటి గుమ్మం దాకా వెళ్లి ఆగింది. రేపు ఏం కూర వండాలో చెప్పేటప్పుడు వాడే గొంతుతోనే అంది:

“అది నలుగులో పెట్టకండి. ఇంట్లో మనకోసం ఉంచుకోండి. నలుగులో నేను పాడతాను. ముందు పసుపే.”